లైసెన్సు ఆయనది, ఆర్‌సీ మీది

ప్రశ్న: మాది సైదాబాద్. మా ఆయన పన్నెండేళ్ళుగా క్యాబ్ నడుపుతున్నారు. రెండు నెలల కిందట ఒక శనివారం రాత్రి ముషీరాబాద్‌లో బంధువుల ఇంట్లో నిశ్చితార్థానికి వెళ్ళి, అక్కడ మందు తీసుకుని కారులో తిరిగి వస్తుంటే చాదర్‌ఘాట్ దగ్గర పోలీసులు ఆపి పరీక్ష చేశారు. రీడింగ్ 112 వచ్చింది. లైసెన్సు కార్డు తీసుకున్నారు. కారు నాలుగు రోజులు స్టేషన్‌లోనే ఉంది. గోషామహల్‌లో కౌన్సెలింగ్‌కు నన్ను కూడా రమ్మంటే వెళ్ళాను. తర్వాత నాంపల్లి కోర్టులో తప్పు ఒప్పుకున్నారు. 10,000 రూపాయల జరిమానా వేసి, 8 నెలలు బండి నడపకూడదన్నారు. అది జరిగి ఐదు వారాలయింది. ఇప్పుడు ఆర్‌టీఏ ఆఫీసు నుంచి, మూడు నెలలు లైసెన్సు ఎందుకు నిలిపివేయకూడదో చెప్పమని ఇంకో నోటీసు వచ్చింది. రెండూ కలిపితే పదకొండు నెలలా? ఇరవై రోజులు ఇంట్లో కూర్చున్నారు గానీ, కిస్తు నెలకు 13,500 కట్టాలి. పోయిన సోమవారం నుంచి రాత్రి పదింటి తర్వాత మాత్రం తెలిసిన ట్రావెల్స్ వాళ్ళ ట్రిప్పులకు కారు తీస్తున్నారు. ఎవరైనా ఆపితే ఫోన్‌లో ఉన్న లైసెన్సు ఫోటో చూపిస్తానంటున్నారు. పొద్దున స్కూటర్ మీద బాబును బడిలో దింపుతున్నారు, స్కూటర్‌కు ఈ శిక్ష వర్తించదంటున్నారు. ఒక బ్రోకరు, లైసెన్సు పోయిందని ఫిర్యాదు పెడితే డూప్లికేట్ తెప్పిస్తానని 9,000 అడుగుతున్నాడు. మా తమ్ముడికి మామూలు కారు లైసెన్సు ఉంది, వాడు క్యాబ్ నడపవచ్చా? లోను నా పేరున వచ్చిందని కారు కూడా నా పేరు మీదే తీసుకున్నాం. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు రాస్తాను, కానీ వాటికంటే ముందు ఉత్తరం చివర మీరు మాటవరసకు రాసిన ఒక వాక్యం గురించి చెప్పాలి. కారు మీ పేరు మీద ఉందన్నారు. మీ ఆందోళన అంతా మీ వారు పట్టుబడితే ఆయనకు ఏమవుతుందన్న దాని చుట్టూనే తిరుగుతోంది. ఆయన పట్టుబడిన రోజున మీ మీద కూడా కేసు పెట్టే వీలుందన్న సంగతి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 182వ సెక్షన్ ప్రకారం, లైసెన్సుకు అనర్హుడని ప్రకటించిన వ్యక్తి ఆ గడువులో రోడ్డు మీద వాహనం నడిపితే 3 నెలల దాకా జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. అది ఆయన వంతు. అదే చట్టంలోని 5వ సెక్షన్, నడిపే అర్హత లేనివారి చేతికి వాహనం ఇవ్వకూడదని యజమానిని కట్టడి చేస్తుంది. ఇచ్చిన యజమానికి 180వ సెక్షన్ కింద 3 నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. అది మీ వంతు. మీకు తెలియకుండా తాళం తీసుకెళ్ళి ఉంటే, నేను అనుమతించలేదని చెప్పుకోవడానికి కొంత చోటు ఉండేది. కానీ కౌన్సెలింగ్‌లో ఆయన పక్కన కూర్చున్నది మీరే, కోర్టు ఏమన్నదో మీకు తెలుసు, ఆయన రోజూ రాత్రి కారు తీస్తున్నారని మీరే రాశారు. రాత్రి పదింటి తర్వాతే నడుపుతున్నారన్నది చట్టం ముందు ఏ తేడా చూపదు, పైగా తాగి నడిపేవారి కోసం నగరంలో తనిఖీలు ఎక్కువగా జరిగేది ఆ వేళల్లోనే. కాబట్టి ఈ జవాబు చదివిన రాత్రే కారు తాళాలు రెండూ మీ బీరువాలోకి వెళ్ళాలి.

జైలు, జరిమానాల మాట అలా ఉంచితే, మీ విషయంలో నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెడుతున్నది ఇన్సూరెన్సు. మీ వారు ఇప్పుడు మందు ముట్టకుండానే నడుపుతూ ఉండవచ్చు, ఎంతో జాగ్రత్తగా కూడా నడుపుతూ ఉండవచ్చు. అయినా రాత్రి పదకొండింటికి నల్గొండ క్రాస్‌రోడ్స్ దగ్గర ఒక మోటారు సైకిల్ అడ్డొచ్చి, దాని మీద ఉన్న మనిషికి ప్రాణం మీదికి వచ్చిందనుకోండి. చట్టంలోని 150వ సెక్షన్ ఇన్సూరెన్సు కంపెనీకి, వాహనం నడిపిన వ్యక్తి అనర్హత గడువులో ఉన్నాడు కాబట్టి భారం తనది కాదని, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ముందు వాదించే హక్కు ఇస్తుంది. తాగి నడపడం కూడా అలాంటి వాదనే అని 2019 సవరణతో అదే సెక్షన్‌లో చేరింది. ఇలాంటి సందర్భాల్లో బాధితుడి కుటుంబం నష్టపోకూడదని, ముందు కంపెనీ పరిహారం చెల్లించి ఆ తర్వాత ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పిన దారిని ట్రిబ్యునళ్ళు నేటికీ అనుసరిస్తున్నాయి. ఇక్కడ యజమాని అంటే ఆర్‌సీలో పేరున్న మనిషి. పరిహారాన్ని చనిపోయిన వ్యక్తి వయసు, సంపాదన, ఆయన మీద ఆధారపడిన వారి సంఖ్య చూసి లెక్కకడతారు కాబట్టి, ముప్ఫై ఏళ్ళ మనిషి విషయంలో అది లక్షల్లోనే ఉంటుంది. మీ కారుకు జరిగిన నష్టానికి కూడా కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వదు, కిస్తు మాత్రం ఆగదు.

కొన్నేళ్ళ కిందట ఒక పెద్దాయన పాలిథిన్ కవర్లో కాగితాలు పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఆటో ఆయన పేరున ఉంది, నడిపింది లైసెన్సు లేని మేనల్లుడు, దెబ్బ తగిలింది దారిన పోయే కూరగాయల బండి అతనికి. తీర్పు ఇంగ్లీషులో ఉండటంతో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు, కంపెనీ డబ్బు కట్టేసిందని మాత్రం విని ఊపిరి పీల్చుకున్నారు. రెండేళ్ళ తర్వాత వడ్డీతో సహా వసూలు నోటీసు తలుపు తట్టినప్పుడు, అది ఆటో పన్ను నోటీసు అనుకుని తెచ్చి నా బల్ల మీద పెట్టారు. తీర్పులో చివరి పేరాలోని ఒకే ఒక వాక్యం వేలు పెట్టి చూపించి, ఇది మీ మీదే అని చెప్పవలసి వచ్చింది. ఆ ముఖం నాకు ఇంకా గుర్తుంది. మీ ఉత్తరం చదువుతుంటే అదే మెదిలింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రమాదంలో ప్రాణం పోతే క్రిమినల్ కేసు వేరుగా నడుస్తుంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ కింద, నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే 5 ఏళ్ళ దాకా జైలు, జరిమానా పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్ళే ఉండేది. కోర్టు నడపవద్దన్న గడువులో నడుపుతూ ప్రమాదం చేశాడన్న మాట ఒకసారి రికార్డులోకి ఎక్కితే, బెయిలు దగ్గర నుంచి శిక్ష దాకా ప్రతి మెట్టు దగ్గరా అది ఆయనకు ఎదురు నిలుస్తుంది.

ఇక మీ వారి మీదికి వచ్చిన రెండు కాగితాల సంగతి. ఇవి రెండు వేర్వేరు అధికారాల నుంచి వచ్చాయి, అందుకే మీకు గందరగోళంగా ఉంది. మొదటిది కోర్టు ఉత్తర్వు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉండి వాహనం నడిపితే 185వ సెక్షన్ కింద నేరం. మీ వారికి వచ్చిన 112 ఆ పరిమితికి దాదాపు నాలుగు రెట్లు. మొదటిసారి చేసిన నేరానికి 6 నెలల దాకా జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ ఉన్నాయి. 2019 సెప్టెంబరు 1కి ముందు ఈ జరిమానా 2,000 రూపాయలకు మించేది కాదు. మీ వారికి జైలు పడలేదంటే మేజిస్ట్రేటు కొంత దయ చూపినట్టే. అయితే లైసెన్సు విషయంలో అంత వెసులుబాటు మేజిస్ట్రేటుకు కూడా లేదు. 185 కింద దోషి అని తేలిన వ్యక్తిని కోర్టు తప్పనిసరిగా అనర్హుడిగా ప్రకటించాలని, ఆ గడువు 6 నెలలకు తగ్గకూడదని 20వ సెక్షన్ శాసిస్తోంది. మీకు పడిన 8 నెలలు ఆ కనీస గడువుకు రెండు నెలలు పైన ఉంది.

ఇక్కడ ఒక మాట వివరంగా చెప్పాలి. అందరం లైసెన్సు సస్పెండ్ అయిందని అంటాం గానీ, కోర్టు ఇచ్చింది అనర్హత. సస్పెన్షన్ అంటే చేతిలో ఉన్న లైసెన్సును కొంతకాలం నిలిపి ఉంచడం. అనర్హత అంటే, ఆ గడువులో ఆ మనిషి ఏ లైసెన్సూ కలిగి ఉండకూడదు, కొత్తది పొందకూడదు, పొందడానికి అర్జీ కూడా పెట్టకూడదు. బ్రోకరు మాట దగ్గరికి వచ్చినప్పుడు ఈ తేడా మీకు పనికొస్తుంది.

రెండో కాగితం ఆర్‌టీఏ నుంచి వచ్చిన నోటీసు. తాగి నడపడం, ప్రమాదకరంగా నడపడం, మితిమీరిన వేగం వంటి నేరాల్లో పోలీసులు లైసెన్సు స్వాధీనం చేసుకుని 206వ సెక్షన్ కింద ఆర్‌టీఏకు పంపుతారు. హెల్మెట్ లేకపోవడం, ఒకే బండి మీద ముగ్గురు ఎక్కడం కూడా ఆ జాబితాలో ఉన్నాయని మీ తమ్ముడికి కూడా చెప్పండి. అలా వచ్చిన లైసెన్సుపై ఆర్‌టీఏ 19వ సెక్షన్ కింద, మొదటి నేరమైతే 3 నెలల అనర్హత విధించవచ్చు, రెండోసారి అయితే లైసెన్సునే రద్దు చేయవచ్చు. రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు 2014లో నియమించిన కమిటీ, ఇలాంటి తీవ్రమైన ఉల్లంఘనలకు కనీసం మూడు నెలలు లైసెన్సు నిలిపివేయాలని 2015లో రాష్ట్రాలన్నిటికీ చెప్పినప్పటి నుంచి ఈ నోటీసులు ఎక్కువయ్యాయి. అయితే మీకు వచ్చింది నోటీసే, ఉత్తర్వు కాదు. మీ వారి మాట వినకుండా, కారణాలు రాతపూర్వకంగా చెప్పకుండా ఆర్‌టీఏ ఉత్తర్వు ఇవ్వడానికి వీలు లేదు. ఎలాగూ కోర్టు శిక్ష వేసింది కదా అని ఈ నోటీసును పక్కన పడేసే వాళ్ళను చాలామందిని చూశాను. జవాబు రాకపోతే, చెప్పుకోవడానికి ఏమీ లేదని అధికారి అనుకోవడంలో తప్పేముంది?

ఎనిమిదికి మూడు కలిపి పదకొండు అని లెక్క వేసుకోకండి. ప్రతి ఉత్తర్వుకూ దానిలో రాసిన తేదీ నుంచే గడువు మొదలవుతుంది. కోర్టు ఇచ్చిన ఎనిమిది నెలలు నడుస్తుండగానే ఆర్‌టీఏ ఉత్తర్వు వస్తే, ఆ ఉత్తర్వులో వేరుగా రాసి ఉంటే తప్ప, మూడు నెలలూ ఆ ఎనిమిది నెలల లోపలే గడిచిపోతాయి. నోటీసుకు వెంటనే జవాబిచ్చి విచారణ త్వరగా ముగిసేలా చూసుకోవడం మీకే మంచిదని చెప్పడానికి కారణం ఇదే. ఆర్‌టీఏ ఆలస్యం చేసి ఏడో నెలలో ఉత్తర్వు ఇస్తే, అప్పుడు నిజంగానే గడువు పెరుగుతుంది. ఆర్‌టీఏ ఉత్తర్వు మీద, అది చేతికి అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు కూడా ఉంది.

కోర్టు ఉత్తర్వు మీద అప్పీలు ఉందా అంటే ఉంది, కానీ దాని మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. తప్పు ఒప్పుకున్న వ్యక్తి నేరం జరగలేదని వాదించలేడు, శిక్ష ఎక్కువైందని మాత్రం చెప్పుకోవచ్చు. అనర్హత ఉత్తర్వును మార్చే అధికారం పై కోర్టుకు 20వ సెక్షన్‌లోనే ఇచ్చారు. పన్నెండేళ్ళలో ఇదే మొదటి కేసని, ఇంటి పోషణ అంతా ఈ వృత్తి మీదే ఉందని చూపించి సెషన్స్ కోర్టును అడిగితే, 8 నెలలను 6కు తగ్గించే అవకాశం ఉంటుంది, అంతకంటే కిందికి చట్టం దిగనివ్వదు. అప్పీలుకు గడువు 30 రోజులు. మీకు ఐదు వారాలు గడిచాయి కాబట్టి, ఆలస్యాన్ని మన్నించమని కారణాలతో ఇంకో అర్జీ జత చేయాలి. అప్పీలు వేశాం కదా అని కారు తీయడానికి లేదు. పై కోర్టు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప, అప్పీలు పెండింగులో ఉన్నంత మాత్రాన అనర్హత ఆగదని 23వ సెక్షన్ చెబుతోంది. అదే సెక్షన్‌లో, ఉత్తర్వు తేదీ నుంచి 6 నెలలు గడిచాక, మిగిలిన గడువును తొలగించమని శిక్ష వేసిన కోర్టునే అడిగే వీలు కూడా ఉంది. మీ పరిస్థితిలో నాకు మేలనిపించేది రెండోదే. అప్పీలు ఖర్చు పెట్టి, ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకుని, అది విచారణకు వచ్చేసరికి ఎలాగూ ఆరు నెలలు దగ్గరపడతాయి. ఆ ఆరు నెలలూ ఒక్క చలానా కూడా లేకుండా గడిపి, అదే మేజిస్ట్రేటు ముందుకు వెళ్ళి అడిగితే ఆ అర్జీకి బరువు ఉంటుంది. ఈ మధ్యలో ఒక్క రాత్రి పట్టుబడినా ఆ దారి మూసుకుపోయినట్టే.

స్కూటర్ గురించి. కోర్టు అన్ని రకాల వాహనాలకూ అనర్హత విధించవచ్చు, ఒక రకానికే పరిమితం చేయనూ వచ్చు. ఏది విధించిందో ఉత్తర్వు నకలులోనే తెలుస్తుంది. మీ వారు విన్నది నోటిమాట. నకలు కోసం కోర్టులో అర్జీ పెట్టి తెచ్చుకుని, ఏ తేదీ నుంచి, ఎన్ని నెలలు, ఏ వాహనాలకు అన్న మూడు విషయాలూ తెలిసినవారితో చదివించుకోండి. ఫలానా వాహనానికి మాత్రమే అని అందులో విడిగా రాసి లేకపోతే స్కూటర్ కూడా నడపకూడదు. అప్పటిదాకా బాబును బడికి మీరు నడిపించుకుని వెళ్ళినా, ఆటో మాట్లాడినా సరే. తండ్రిని రోడ్డు మీద పోలీసులు ఆపి ప్రశ్నించడాన్ని, బడి బట్టల్లో వెనక కూర్చున్న పిల్లవాడు చూసే అవసరం రాకూడదు.

బ్రోకరుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇందాక చెప్పిన 182వ సెక్షన్, అనర్హత గడువులో వాహనం నడపడాన్నే కాదు, లైసెన్సు కోసం అర్జీ పెట్టడాన్ని, పొందడాన్ని కూడా నేరంగానే చూస్తుంది. అలా పొందిన లైసెన్సు చెల్లదని కూడా అదే చెబుతుంది. లైసెన్సు పోలీసుల దగ్గర ఉందని తెలిసి, పోయిందని ఫిర్యాదు ఇవ్వడం ఇంకో నేరం. డూప్లికేట్ అంటే అదే నంబరుకు మరో కార్డు, ఆ నంబరు మీదే అనర్హత నమోదవుతుంది కాబట్టి ఆ కార్డు ఎందుకూ కొరగాదు. పక్క రాష్ట్రం నుంచి కొత్త నంబరుతో తెప్పిస్తానని తర్వాత అతను మాట మార్చవచ్చు, ఒక వ్యక్తికి రెండు లైసెన్సులు ఉండటమే చట్టవిరుద్ధం. ఫోన్‌లోని ఫోటో సంగతి కూడా ఇంతే. డిజిటల్ లైసెన్సును పోలీసులు అంగీకరిస్తారు, నిజమే, కానీ అది అమలులో ఉన్న లైసెన్సుకు రూపమైతేనే. అమలులో లేని లైసెన్సును ఉన్నట్టు చూపించడం, అడిగిన అధికారితో అబద్ధం చెప్పడమే అవుతుంది.

మీ తమ్ముడి విషయంలో మాత్రం మంచి కబురు ఉంది. మామూలు లైట్ మోటార్ వెహికిల్ లైసెన్సు ఉన్నవారు, మొత్తం బరువు 7,500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చని, దానికి విడిగా ఇంకో అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చి చెప్పింది. మీ క్యాబ్ బరువు ఆ పరిమితికి చాలా లోపల ఉంటుంది. కోర్టు ఆపింది మీ వారిని గానీ కారును కాదు, దాని రిజిస్ట్రేషను, పర్మిటు, ఫిట్‌నెస్ అన్నీ యథాతథంగా ఉన్నాయి. తమ్ముడి లైసెన్సు గడువు, ఇన్సూరెన్సు కాగితం ఒకసారి చూసుకుని, ట్రావెల్స్ వాళ్ళకు డ్రైవరు మారాడని ముందే చెప్పి, వాళ్ళు పెట్టుకున్న నిబంధనలేమైనా ఉంటే పాటించి పంపండి. తమ్ముడికి వీలు కాకపోతే, నమ్మకమైన డ్రైవరుకు రోజు అద్దెకు ఇచ్చినా సగం కిస్తయినా వస్తుంది. మిగతాదాని కోసం లోను ఇచ్చినవారికి కిస్తు తప్పకముందే రాతపూర్వకంగా పరిస్థితి చెప్పి గడువు అడగండి. రెండు కిస్తులు తప్పాక అడిగే మాటకూ, తప్పకముందు అడిగే మాటకూ చాలా తేడా ఉంటుంది.

కారు నాలుగు రోజులు స్టేషన్‌లో ఉండటం గురించి క్లుప్తంగా చెబుతాను. తాగి నడిపిన కేసుల్లో వాహనాన్ని ఊరికే పట్టి ఉంచడానికి వీలులేదని, పక్కన మద్యం తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే ఆయనకు అప్పగించాలని, ఎవరూ లేకపోతే బంధువులకు కబురు చేసి, యజమాని వచ్చి ఆధారాలు చూపితే ఇచ్చేయాలని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో ఆదేశించింది. ఆర్‌సీ పట్టుకుని మర్నాడే మీరు వెళ్ళి ఉంటే కారు అడిగే హక్కు మీకు ఉండేది. ఇప్పుడు దాని మీద పోరాడి సాధించేది లేదు గానీ, ఈ సంగతి మీ వీధిలో మరెవరికైనా పనికొస్తుంది.

గడువు ముగిసిన రోజున కార్డు దానంతట అది ఇంటికి రాదు. ఆర్‌టీఏకు చేరిన లైసెన్సును తిరిగి ఇవ్వాలంటే, గుర్తింపు ఉన్న డ్రైవింగ్ శిక్షణ సంస్థలో రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేయాలని 2019 సవరణ చెబుతోంది. ఆ శిక్షణ ఎక్కడ చేయాలో నోటీసు విచారణకు వెళ్ళిన రోజునే ఆఫీసులో అడిగి రాసుకోండి. లైసెన్సు తిరిగి వచ్చాక కూడా ఈ శిక్ష రికార్డులో ఉంటుంది. మళ్ళీ 185 కింద దోషిగా తేలితే 2 ఏళ్ళ దాకా జైలు గానీ, 15,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, రెండోసారి కోర్టు లైసెన్సునే రద్దు చేయాలని 22వ సెక్షన్ నిర్దేశిస్తోంది. మొదటిసారి ఎనిమిది నెలల సంపాదన పోయింది, రెండోసారి పన్నెండేళ్ళుగా చేస్తున్న వృత్తే పోతుంది.

మీరు అడగలేదు, అయినా అడుగుతున్నాను. ఆ శనివారం నిశ్చితార్థానికే తాగారా, లేక అది ఆయనకు అలవాటా? ఒక్క సాయంత్రపు సరదాకు 112 వచ్చి ఉండవచ్చు. అలవాటైతే మాత్రం, పని లేకుండా ఇంట్లో గడిచే ఈ నెలలు చాలా ప్రమాదకరమైనవి. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో మద్యం మానిపించే చికిత్స ఉంది. ఇంటి నుంచే మాట్లాడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే సలహా ఇస్తారు. ఆయన ఒప్పుకోకపోతే ముందు మీరే చేయండి. లాయరు ఖర్చు భారమైతే 15100 నంబరుకు ఫోన్ చేసి న్యాయసేవాధికార సంస్థను అడగండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది కాబట్టి, యజమానిగా మీ మీద ఎప్పుడైనా కేసు వస్తే అది మీకు అక్కరకొస్తుంది.

నోటీసుకు జవాబివ్వడానికి ఎన్ని రోజులు గడువిచ్చారో మీరు రాయలేదు. ఆలస్యం కాకూడదని జవాబు ముసాయిదా ఇక్కడే ఇస్తున్నాను. నోటీసు నంబరు, తేదీ పైన వేసి, ఇలా రాయించండి: "నాపై నమోదైన ఈ కేసులో గౌరవ కోర్టు నన్ను ఇప్పటికే 8 నెలలపాటు అనర్హుడిగా ప్రకటించింది, ఆ ఉత్తర్వు నకలు జతపరిచాను. జరిమానా చెల్లించాను, రసీదు జతపరిచాను. కౌన్సెలింగ్‌కు నా భార్యతో కలిసి హాజరయ్యాను. ఇంతకుముందు నాపై ఇటువంటి కేసు ఏదీ లేదు. నా లైసెన్సు మీ కార్యాలయం ఆధీనంలో ఉందో లేదో తెలియజేయవలసిందిగా, తమరు విధించదలచిన గడువు కోర్టు విధించిన గడువులోనే కలిసి నడిచేలా ఉత్తర్వు ఇవ్వవలసిందిగా, నన్ను స్వయంగా విని నిర్ణయం తీసుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాను." ఇంతకుముందు కేసు లేదన్న వాక్యం నిజమైతేనే ఉంచండి. సంతకం ఆయనే చేయాలి. నోటీసు పంపిన కార్యాలయంలో స్వయంగా ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో స్వీకృతి ముద్ర వేయించుకుని, దాన్ని కోర్టు ఉత్తర్వు నకలుతోపాటు మీ దగ్గరే ఉంచుకోండి. ఆ రోజు ఆఫీసుకు బస్సులో వెళ్ళండి.